వేలి పని ముందు, వేడి పని తర్వాత

కోటబొమ్మాళి

చి॥ చిట్టితల్లికి,

మొన్న మీ అమ్మ వచ్చినప్పుడు నువ్వు కుడుతున్న ముక్కల బొంత ఫోటోలు చూపించింది. రంగుల పొందిక చాలా బాగుంది. ఎరుపు పక్కన పసుపు, దాని పక్కన నేరేడు రంగు పెట్టాలన్న ఆలోచన నీకే వచ్చిందంటే సంతోషమేసింది. ఆ ఫోటోల తర్వాత నీ బొటనవేలి ఫోటో కూడా చూశాను. కుట్టు తెరిచి ఇస్త్రీ చేస్తుంటే ఆవిరి కొట్టిందని, కాస్త ఉపాయం చెప్పమని అడిగావట. ఇది ఫోనులో చెప్పేది కాదమ్మా. ఇందులో కొలతలున్నాయి, కర్రలున్నాయి, నువ్వు మళ్లీ మళ్లీ చూసుకోవలసిన సంగతులున్నాయి. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

ముందు వేలి సంగతి. కాలినచోట టూత్‌పేస్టు రాశావని విన్నాను. మరెప్పుడూ అలా చెయ్యకు. పేస్టు, నెయ్యి, పసుపు, సిరా ఏదీ రాయకూడదు. అవి వేడిని లోపలే ఆపేస్తాయి, తర్వాత పుండు కడగడం కష్టమవుతుంది. ఐసు కూడా వద్దు. కాలిన మరుక్షణం కుళాయి కింద చెయ్యి పెట్టి, మామూలు చల్లని నీళ్లు 20 నిమిషాలు ధారగా పడనివ్వాలి. వేలికి ఉంగరం, చేతికి గాజులు ఉంటే వాపు రాకముందే తీసెయ్యాలి. పొక్కు లేస్తే చిదమకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, పెద్దదైతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆవిరిని తేలిగ్గా తీసుకోకు. మరిగే నీళ్లకంటే అదే ఎక్కువ కాలుస్తుంది. చర్మానికి తగిలి నీరుగా మారేటప్పుడు తనలో ఉన్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది.

నీకు దెబ్బ ఎందుకు తగిలిందో ఆలోచించాను. నువ్వు అజాగ్రత్తగా ఉండి కాదు. జాకెట్లు కుట్టేవాళ్లం మేము కుట్టు లోపల అర అంగుళం నుంచి అంగుళం దాకా గుడ్డ వదులుతాం, రేపు ఒళ్లు వస్తే విప్పుకోవడానికి. ఆ వెడల్పు మార్జినుని వేళ్లతో తెరిచి పట్టుకున్నా ఇస్త్రీపెట్టెకి, వేలికి మధ్య కొంచెం చోటుంటుంది. నీ బొంత ముక్కలకి వదిలేది పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. నీ బొటనవేలి వెడల్పు దానికి రెండింతలు దాటి ఉంటుంది. ఆ సన్నటి గుడ్డని వేలితో తెరిచి పట్టుకుని వెనకే పెట్టె తోస్తే, పెట్టె మొన ఎప్పుడో ఒకప్పుడు వేలి మీదికి రాక తప్పదు. ఎంత జాగ్రత్త పడినా అంతే. కాబట్టి జాగ్రత్త ఒక్కటే సరిపోదు, పని చేసే వరసే మార్చాలి.

వరస ఏమిటంటే, వేలి పని అంతా వేడికి ముందే అయిపోవాలి. కుట్టు తెరవడం, మడత పడేలా నొక్కడం చల్లగా ఉండగానే ముగించాలి. ఇస్త్రీపెట్టె దగ్గరికి వచ్చేసరికి కుట్టు తనంతట తాను తెరుచుకుని ఉండాలి. అప్పుడు పెట్టె పని ఆ మడతని ఖాయం చెయ్యడమే. కింద రాసే ప్రతి వస్తువూ ఈ ఒక్క మాట కోసమే.

అసలు కుట్టు ఎందుకు తెరవాలని మీ అత్తగారు అడిగారట కదా. సరైన ప్రశ్నే. మీ అమ్మమ్మ కుట్టిన బొంతలకి ఇస్త్రీతో పనే లేదు. బాగా నలిగిన నేత చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు లోపలికి మడిచి, చాప మీద కూర్చుని పొడుగు సూదితో వరస కుట్లు వేసుకుంటూ పోయేది. వాటిలో ముక్కలు కలిపే అతుకులు ఉండేవి కావు. నువ్వు కుట్టేది వేరు. చిన్న చిన్న ముక్కలు కలిపి పైపొర తయారుచేసి, ఆ తర్వాత దూది, అడుగు గుడ్డ పెట్టి కుడుతున్నావు. అతుకు మార్జినుని ఒక పక్కకి మడిస్తే ఆ పక్క మూడు పొరలు, ఇవతల పక్క ఒకటే పొర అవుతాయి. తెరిచి రెండు పక్కలకీ పరిస్తే అటు రెండు, ఇటు రెండు. పైపొర సమంగా పరుచుకుంటుంది. నీ బొంత మీది నక్షత్రం మధ్యలో ఎనిమిది కొసలు ఒక్కచోట కలుస్తాయి చూడు, అక్కడ అన్నీ ఒకే పక్కకి మడిస్తే చింతగింజంత గడ్డ కడుతుంది. మిషను సూది అక్కడే విరుగుతుంది. ఇంకో లాభం ఏమిటంటే, తెరిచినప్పుడు ఏ రంగు మార్జిను ఆ రంగు ముక్క కిందికే పోతుంది. తెల్ల ముక్క కిందనుంచి ఎర్ర మార్జిను గీతలా కనబడదు.

అయితే అన్నిచోట్లా తెరవమని చెప్పను. చేత్తో కుట్టిన అతుకుని తెరవకు. చేతి కుట్టు మిషను కుట్టంత బిగువుగా ఉండదు. తెరిస్తే బరువంతా దారం మీదే పడుతుంది, సందుల్లోంచి దూది పీచు బయటికి వస్తుంది. దాన్ని ముదురు రంగు వైపు మడిచెయ్. మిషను మీద తెరవాలనుకున్న అతుకుకి కుట్టు చిన్నది పెట్టు, అంగుళానికి 12 పైన పడాలి. పైపొర, దూది, అడుగు గుడ్డ మూడూ కలిపి కుట్టేటప్పుడు తెరిచిన అతుకు గాడిలోనే సూది నడపకు. అక్కడ గుడ్డ ఉండదు, కింద ఉన్న దారాన్నే సూది తెంపుతుంది. గాడికి కాస్త పక్కగా కుట్టు.

ఇప్పుడు సామాన్ల దగ్గరికి వస్తాను. నీ ఇంట్లో ఉన్న అన్నిటికంటే గొప్ప సాయం నీ వంటింట్లోనే ఉంది. అది గంజి. చాలామంది ముక్కలు కత్తిరించి, కుట్టి, అప్పుడు పెట్టెతో కుస్తీ పడతారు. గుడ్డని కత్తిరించకముందే గంజి పెట్టు. అన్నం వార్చిన గంజి పల్చటి గుడ్డలో వడగట్టి, దానికి రెండింతలు నీళ్లు కలిపి, గుడ్డ ముంచి పిండి, నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తిరించు. గంజి పట్టిన నూలు గుడ్డ కాగితంలా మాట వింటుంది. గోరుతో ఒకసారి గీస్తే మడత నిలబడుతుంది. ముక్కలు సాగిపోవు. నక్షత్రం ముక్కలు క్రాసుగా కోసినవి కదా, అవి గంజి లేకపోతే ఇస్త్రీలో తప్పకుండా సాగుతాయి. మడత సగం చల్లగానే పడిపోతే పెట్టెతో పని సగానికి తగ్గుతుంది, ప్రమాదమూ సగానికి తగ్గుతుంది. కుక్కరులో వండుతాం, గంజి రాదు అంటావేమో. గుప్పెడు బియ్యం విడిగా ఎక్కువ నీళ్లలో ఉడికిస్తే చాలు. కొత్త ఎరుపు, మెరూను గుడ్డలు గంజికి ముందే విడివిడిగా ఉతికి రంగు పోతుందేమో చూసుకో. బొంత పూర్తయ్యాక ఒకసారి ఉతికి గంజి వదలగొట్టాలి. గంజి ఉన్న గుడ్డని బీరువాలో పెడితే బొద్దింకలు, పురుగులు పడతాయి, వానాకాలం బూజు కూడా పడుతుంది.

మడత గీయడానికి గోరు చాలని చెప్పాను కానీ, నలభై ముక్కలు గీసేసరికి గోరు నొప్పెడుతుంది. దానికి గవ్వ వాడు. మన భావనపాడు తీరంలో ఏరుకొచ్చిన నున్నటి గవ్వ బొటనవేలికి, చూపుడువేలికి మధ్య బాగా కుదురుతుంది. దాని వీపుతో కుట్టు మీద ఒత్తి ఒకసారి లాగితే రెండు పక్కల మార్జినూ పరుచుకుంటుంది. గుడ్డని శంఖంతోనో గవ్వతోనో రుద్దడం కొత్తేమీ కాదు. 17, 18 శతాబ్దాల్లో మన కోస్తా రేవుల నుంచి ఓడలెక్కి ఐరోపా వెళ్లిన అద్దకం గుడ్డలకి మెరుపు తెప్పించింది ఇలా రుద్దే. జపాను వాళ్లు గుడ్డ మీద మడత గుర్తు గీయడానికి ఎముకతో చేసిన హెరా అనే చిన్న పలక వాడతారు. మన పొందూరులో పత్తిని శుభ్రం చేసి దువ్వడానికి ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకే వాడతారు. అంత సన్నటి ఖద్దరు నూలు వెనక ఒక చేప పళ్లున్నాయి. ఖరీదైన పనిముట్టు లేదని దిగులు పడనక్కర్లేదని చెప్పడానికే ఇదంతా రాశాను. గవ్వ దొరక్కపోతే స్టీలు చెంచా వీపు చాలు. చెంచా చల్లటి పనికే సుమా, పెట్టె దగ్గరికి దాన్ని తీసుకురాకు. ఇనుము, స్టీలు క్షణంలో కాగుతాయి.

అదే కారణానికి వేలికి ఇనప అంగుస్తానా తొడుక్కుని ఇస్త్రీ చెయ్యకు. సూది పోటుకి అది రక్షణే, వేడికి మాత్రం అది వేలి చుట్టూ కాగిన రేకు. వేళ్లకి తడి గుడ్డ చుట్టుకోవడం ఇంకా ప్రమాదం. పొడి గుడ్డకంటే తడి గుడ్డ వేడిని చాలా వేగంగా లోపలికి పంపుతుంది. ఇంటర్నెట్లో అమ్మే సిలికాను వేలి తొడుగులు వేడికి కరగవు, ఆ మాట నిజమే. కానీ వాటితో వేలు ఇంకా లావవుతుంది, పావు అంగుళం గుడ్డ అందదు. పైగా తొడుగుంది కదా అన్న ధీమాతో వేలు పెట్టెకి మరీ దగ్గరగా పోతుంది. నేనైతే కొనమని చెప్పను.

వేలి బదులు పెట్టెకి ముందు నడవాల్సింది పుల్ల. కొబ్బరి ఈనె పనికిరాదు, వంగిపోతుంది, చివర పీచు లేచి గుడ్డకి పట్టుకుంటుంది. ప్లాస్టిక్కు స్కేలు, పెన్ను మూత, టూత్‌బ్రష్షు కాడ అసలే వద్దు, కరిగి గుడ్డకీ పెట్టె అడుగుకీ అంటుకుంటాయి. వెదురు పుల్ల కావాలి. పెన్సిలంత లావు, జానెడుకి తక్కువ కాకుండా పొడుగు, ఒక కొస పలకగా చెక్కినది. కొస సూదిగా ఉండకూడదు, పావు అంగుళం గుడ్డని గుచ్చకుండా నెట్టేంత మొద్దుగా ఉండాలి. అక్కడ నూడుల్సుతో పాటు ఇచ్చే వెదురు పుల్లలు ఉంటాయి కదా, ఒక కొస చాకుతో పలకగా చేసి, శాండ్ పేపరుతో నున్నగా రుద్దితే అదే. చీలిక ఒక్కటి లేచినా మళ్లీ రుద్దు. ఎడమ చేత్తో పుల్ల కుట్టు గాడిలో నడుస్తుంటే, కుడి చేతిలో పెట్టె మొన దానికి బెత్తెడు వెనకగా రావాలి. నీ చెయ్యి పుల్ల అవతలి కొస దగ్గర ఉంటుంది కాబట్టి పెట్టెకీ చేతికీ జానెడు దూరం ఎప్పుడూ మిగులుతుంది.

ఇక అన్నిటికంటే నాకు ఇష్టమైనది, నువ్వు తప్పక చేయించుకోవలసినది అర గుండ్రటి కర్ర. అప్పడాల కర్రని నిలువునా రెండుగా చీల్చినట్టు ఉంటుంది. కింద బల్లపరుపు, పైన గుండ్రం. పొడుగు ఒకటిన్నర అడుగు, అడ్డం అంగుళం నుంచి అంగుళంన్నర. దీని మీద గుడ్డని లోపలి వైపు పైకి వచ్చేలా, కుట్టు సరిగ్గా గుండ్రం వెన్ను మీద పడేలా పరిస్తే, గుడ్డ రెండు పక్కలకీ కిందికి జారుతుంది. ఆ జారుడికే మార్జిను నోరు తెరుస్తుంది. పెట్టె తగిలేది ఆ వెన్నుకి ఒక్కదానికే. వేళ్లు రెండు చివర్లా గుడ్డని పట్టుకుని ఉంటాయి, కుట్టు దగ్గరికి రానే రానక్కర్లేదు. ఇంకో మేలుంది. బల్లపరుపు చోట తెరిచి నొక్కితే మార్జిను అంచులు పైవైపుకి గీతల్లా అచ్చు పడతాయి. గుండ్రం మీద మార్జిను అంచులు పెట్టెకి అందవు కాబట్టి ఆ అచ్చులు పడవు.

కర్ర ఎంపిక గురించి కొంచెం చెప్పాలి. మన తీరమంతా సరుగుడు తోటలే, పందిరి రాటలకి వాడే కర్రే ఇది. తిన్నగా ఉంటుంది, గట్టిది. బాగా ఎండిన ముక్క తీసుకుని, తొక్క చెక్కి, వడ్రంగి చేత నిలువునా కోయించి, శాండ్ పేపరు పట్టించాలి. పచ్చి కర్రైతే వేడికి పగులుతుంది. పాలిషు, వార్నిషు, రంగు ఏదీ వేయకూడదు, వేడికి మెత్తబడి గుడ్డకి అంటుతాయి. సామాన్ల పెట్టెలు చేసే దేవదారు రకం చెక్క వద్దు, దానిలోంచి జిగురు కారుతుంది. తుమ్మ లాంటి చెక్కల్లో వగరు ఎక్కువ. నీళ్లు, ఇనుము తగిలితే నల్ల మరక వేస్తాయి. ఏ చెక్కైనా సరే, ఉతికిన తెల్ల నూలు గుడ్డ రెండు చుట్లు బిగించి చుట్టి, అంచు కింద వైపు కుట్టెయ్. మరక భయం ఉండదు.

వడ్రంగి దొరకడం అక్కడ కష్టమైతే వార్తాపత్రికలు పనికొస్తాయి. నాలుగైదు పత్రికలు కలిపి, సందు లేకుండా గట్టిగా చుట్టి, దారంతో బిగించి, పైన మందపాటి తెల్ల గుడ్డ రెండు పొరలు వేసి కుట్టు. సిరా అంటకుండా ఉండడానికే రెండు పొరలు. నిగనిగలాడే రంగుల పుస్తకం కాగితం వద్దు. పీవీసీ గొట్టం అస్సలు వద్దు, మెత్తబడుతుంది. ఈ చుట్ట దొర్లకుండా తువ్వాలు మడతలో గాడి చేసి అందులో పెట్టుకో.

నువ్వు మంచం మీద దుప్పటి మడిచి ఇస్త్రీ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అది ఆపెయ్. పరుపు మెత్తగా దిగుతుంది, పెట్టె ఒరుగుతుంది, ఒరిగిన పెట్టెని పట్టుకోబోయి చెయ్యి కాల్చుకుంటారు. నేల మీద చెయ్యడం కూడా నాకు నచ్చదు. మోకాలు, పాదం, పక్కన పాకే పిల్ల, అందరూ పెట్టె ఎత్తులోనే ఉంటారు. కూర్చునే పీట ఒకటి తీసుకో. దాని మీద పాత ఉన్ని కంబళి రెండు పొరలు, పైన నూలు గుడ్డ బిగించి కింద మేకులు కొట్టు. ఉన్ని కరగదు, కుట్టు మందాన్ని తనలోకి తీసుకుంటుంది, వేడిని కింద నుంచి కూడా అందిస్తుంది. స్పాంజి, థర్మోకోలు, పాలిస్టరు దుప్పటి పెట్టకు. ఆ పీటని నడుము ఎత్తు బల్ల మీద పెట్టుకుని నిలబడి చెయ్.

ఇప్పుడు పెట్టె. నీ ఆవిరి పెట్టెలో ఆవిరి మీట ఆపెయ్. ఈ ఉత్తరంలో ఒక్క మాట మాత్రమే పాటిస్తానంటే ఈ మాటే పాటించు. తడి కావాలి, నిజమే. తడి, వేడి కలిస్తేనే నూలు పోగు మెత్తబడి కొత్త మడతకి లొంగుతుంది. కానీ ఆ తడి పెట్టె లోపలినుంచి వెదజల్లుతూ రానక్కర్లేదు. పిల్లలు రంగులేసుకునే కుంచె నీళ్లలో ముంచి, విదిలించి, తెరిచిన కుట్టు గాడి వెంట ఒక్క గీత గీయి. గుడ్డంతా తడవదు, సాగదు, వేలికి ఆవిరి రాదు. పొడి పెట్టె దాని మీద పెట్టి నొక్కి, ఎత్తి, ముందుకు జరిపి మళ్లీ నొక్కు. చొక్కా ఇస్త్రీలాగా ఈడ్చకు. ఈడిస్తే ముక్క వంకర తిరుగుతుంది.

దానికి ముందు ఒక చిన్న పనుంది, చాలామంది వదిలేస్తారు. కుట్టిన వెంటనే, తెరవకముందే, రెండు ముక్కలూ కలిసి ఉండగానే కుట్టు మీద ఒకసారి పెట్టె పెట్టి తియ్యి. దారం గుడ్డలో కూర్చుంటుంది. చల్లారాక తెరిస్తే ముడతలు లేకుండా తెరుచుకుంటుంది. లోపలి వైపు అంతా అయ్యాక ముక్క తిరగేసి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి ఒకసారి నొక్కు.

పెట్టె ఎత్తగానే పని అయిపోయిందనుకోకు. మడత నిలబడేది వేడిగా ఉన్నప్పుడు కాదు, చల్లారేటప్పుడు. అందుకే పాత కాలం దర్జీలు కోటు కుట్లు ఇస్త్రీ చేసి వెంటనే మీద బరువైన చెక్క దిమ్మ పెట్టి నొక్కేవారు. పాలిషు లేని గట్టి చెక్క, జానెడు పొడుగు, మూడు నాలుగు అంగుళాల వెడల్పు, అరచేతిలో ఇమిడేలా అంచులు గుండ్రంగా రుద్దినది చాలు. పెట్టె తీసి దిమ్మ పెట్టి, గుడ్డ గోరువెచ్చన అయ్యేదాకా ఉంచు. చెక్క ఆ తడిని పీల్చుకుని మడతని పొడిగా చేస్తుంది. మన టెక్కలి గ్రానైటు ముక్క ఒకటి ఇస్తానని మీ పెదనాన్న అన్నారు. బరువుకి బాగుంటుంది కానీ నాకు చెక్కే నచ్చుతుంది. రాయి తడిని పీల్చదు, చెమ్మ గుడ్డలోనే ఉండిపోతుంది. రాయే వాడాలంటే కింద పొడి తువ్వాలు వెయ్యాలి, కాలి మీద పడకుండా చూసుకోవాలి.

నీ ముక్కల్లో పాత చీరలవీ ఉన్నాయి. అందులో ఏది నూలో, ఏది పాలిస్టరో చూసుకున్నావా? పెట్టె మీద ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200. నూలుకి మూడు చుక్కలు సరే, దాని పక్కనే అతికిన పాలిస్టరు ఆ వేడికి ముడుచుకుపోయి మెరుపు తేలుతుంది. అనుమానం ఉన్న గుడ్డనుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె మీద కాల్చి చూడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా అవుతుంది, ఆ పూసని చేత్తో ముట్టుకోకు, చాలాసేపు వేడిగా ఉంటుంది. ఇప్పటి చీరల జరీ చాలావరకు ప్లాస్టిక్కు పొర మీద మెరుపు పూసినదే. దాని మీద నేరుగా పెట్టె పెట్టకు. నన్నడిగితే ఒక బొంతలో నూలు ముక్కలే వాడు, పాలిస్టరువి వేరే సంచులకి ఉంచుకో.

కరెంటు సంగతి కూడా రాస్తాను. ఆవిరి పెట్టెలు చాలావాటికి 1,600 వాట్లు, ఆ పైన ఉంటాయి. మామూలు ఎక్స్‌టెన్షను బోర్డు 6 ఆంపియర్లది, అంటే 230 వోల్టుల మీద 1,380 వాట్లకి మించి మోయదు. కుట్టు మిషను దగ్గరికి ఆ బోర్డు లాగి పెట్టె పెడితే వైరు లోపల కాగుతుంది, పైకి తెలియదు. గోడకున్న 16 ఆంపియర్ల ప్లగ్గులోనే పెట్టు, బల్లనే అక్కడికి జరుపుకో. మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలు ఎర్తుది, దాన్ని తీసేసి రెండు కాళ్లతో వాడొద్దు. చేతులు, కాళ్లు తడిగా ఉండగా ముట్టుకోవద్దు. ఫోను మోగితే పెట్టె నిలబెట్టి, స్విచ్చి కట్టేసి వెళ్లు. పని చేసేటప్పుడు గాజులు పైకి తోసుకో, జుట్టు ముడి వేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు.

కరెంటు లేనప్పుడు ఎలాగో కూడా నీకు తెలియాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లా మీదే తీరం దాటింది. స్తంభాలు విరిగి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు అటక మీది బొగ్గుల ఇస్త్రీపెట్టె దిగుతుంది. కొబ్బరి చిప్పల బొగ్గు అందులో బాగా నిలుస్తుంది, ఐదారు కిలోల బరువుతో అదే మడతని నొక్కేస్తుంది. కానీ దాన్ని తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ వాడకూడదు. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, మనిషి మత్తులోకి జారిపోయేదాకా తెలియదు. వరండాలోనో పెరట్లోనో, ముందు పనికిరాని గుడ్డ మీద వేడి చూసుకుని, నిప్పురవ్వ పడకుండా చూసుకుని చెయ్యాలి. అపార్టుమెంటులో నీకు ఆ అవసరం లేదు, ప్రయత్నించకు కూడా. గంజి పెట్టిన ముక్కలైతే గవ్వతో గీసి, రెండు తెల్ల గుడ్డల మధ్య వరసగా పేర్చి రాత్రి పరుపు కింద పెట్టుకుంటే తెల్లారేసరికి పెట్టె చేసే పనిలో చాలా భాగం అయిపోయి ఉంటుంది. చిన్నప్పుడు మేం స్కూలు గౌన్లకి చేసింది అదే. ట్రంకు పెట్టె కింద మాత్రం పెట్టకు, చెమ్మ ఉంటే తుప్పు మరక పడుతుంది.

మీ అమ్మ వచ్చే వారం మీ దగ్గరికి వస్తోంది. దాని సంచిలో నూలు గుడ్డ చుట్టిన సరుగుడు అర కర్ర ఒకటి, చెక్కిన వెదురు పుల్లలు రెండు, గవ్వ ఒకటి పెట్టాను. దిమ్మ బరువని పంపలేదు, అక్కడే చేయించుకో. అవి చేరేదాకా నక్షత్రం ముక్కలు ముట్టుకోకు, మామూలు చతురస్రాలు కుట్టుకుంటూ ఉండు. వేలి మీద కొత్త చర్మం పూర్తిగా వచ్చాకే పెట్టె పట్టుకో. మొదట పనికిరాని ముక్కల మీద నాలుగు అతుకులు ఈ వరసలో చేసి, లోపలి వైపు, పైవైపు రెండూ ఫోటో తీసి మీ అమ్మ ఫోనుకి పంపు. అవి చూశాక మిగిలినది రాస్తాను. మీ అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ